పెద్ద చక్రాలు వేయించండి, పనులన్నీ తప్పించుకోండి

నారాయణఖేడ్‌లో కారు కొన్న మనిషికి కాలు మీద కాలేసుకుని కూర్చునే యోగం ఉండదు. శివరాత్రి వస్తే అమ్మ ఏడుపాయల జాతరకు పోదామంటుంది. మేనమామ బీదర్ ఆస్పత్రిలో చూపించుకోవాలంటాడు. బామ్మర్ది జహీరాబాద్‌లో పెళ్లికి తాళం చెవి అడుగుతాడు. నాయిన కంది చేను దాకా ఒక్కసారి పోయి రమ్మంటాడు. అందులోనూ మీరు కొన్నది హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ లాంటి చురుకైన బండి అయితే కష్టాలు రెట్టింపు. 120 పీఎస్ టర్బో ఇంజను, 16 అంగుళాల చక్రాలు, వాటికి తగ్గట్టు కుదిర్చిన సస్పెన్షన్. అంత బాగా నడిచే కారును చుట్టాలంతా కలిసి వాడేస్తారు.

దీనికి మందుంది. చక్రాలు మార్చండి. బండిని ఊరికే మూలకు పెడితే ఇంట్లో సోమరిపోతు అంటారు. లక్ష పోసి అదే మూలకు చేరిస్తే షోకైన పిలగాడు అంటారు. ఈ తేడా తెలియక ఎంతోమంది ఏళ్ల తరబడి బంధువర్గాన్ని మోస్తూ బతుకుతున్నారు. వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కింద చెప్పినవి వరుస తప్పకుండా చేయండి.

1. ముందు సైజు తేల్చుకోండి. ఎన్ లైన్‌కు కంపెనీ వేసేది 195/55 ఆర్16 టైరు. 195 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 55 అంటే ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 16 అంటే రిమ్ము అంగుళాలు. లెక్క కడితే పక్కగోడ 107 మిల్లీమీటర్లు వస్తుంది. చక్రం గుంతలో పడినప్పుడు మొదట నలిగేది ఈ 107 మిల్లీమీటర్ల రబ్బరూ, అందులోని గాలీ. స్ప్రింగు, షాకప్‌ల పని ఆ తర్వాతే మొదలవుతుంది. కాబట్టి మన దెబ్బ పడాల్సింది పక్కగోడ మీదే. 215/40 ఆర్18 అడగండి. పక్కగోడ 86కు దిగుతుంది, ఐదో వంతు పోయినట్టే. టైరు మొత్తం ఎత్తు మాత్రం 621 నుంచి 629 మిల్లీమీటర్లకు, అంటే 1.3 శాతమే పెరుగుతుంది. అందువల్ల ఎవరడిగినా "కంపెనీ కొలతకు దగ్గరే కదా" అని గుండె మీద చేయి వేసుకుని చెప్పవచ్చు. ఇంకాస్త పట్టుదల ఉంటే 215/35 వేయించండి. పక్కగోడ 75 మిల్లీమీటర్లే మిగులుతుంది.

2. చక్రాలను రంగు చూసి కొనండి, బరువు చూసి కాదు. చక్రం, టైరు, బ్రేకు స్ప్రింగుకు కింద ఉండే బరువు. అది పెరిగిన కొద్దీ షాకప్‌లకు అదుపు చేయడం కష్టమవుతుంది. గుంత దాటిపోయినా చక్రం గెంతుతూనే ఉంటుంది, ఆ గెంతు సీటు దాకా వస్తుంది. ఫోర్జ్‌డ్ చక్రాలు తేలికగానూ గట్టిగానూ ఉంటాయి, వాటి జోలికి పోకండి. వాటితో కారు ఇంకా కొంత మర్యాదగానే నడుస్తుంది, మీ డబ్బు దండగ. చవకగా పోతపోసినవి తీసుకోండి. వెనక్కి తిప్పి జేడబ్ల్యూఎల్ ముద్ర కోసం వెతకవద్దు. అది జపాన్‌వాళ్లు తేలిక లోహపు చక్రాలకు పెట్టుకున్న ప్రమాణం, దాన్ని చూస్తూ కూర్చుంటే ఎర్ర గీత ఉన్న సెట్టు ఇంకొకడు ఎగరేసుకుపోతాడు. బరువైన చక్రాన్ని తిప్పడానికి ఇంజను, ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడతాయి, మైలేజీ పడిపోతుంది. ఇంట్లో అడిగితే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారని చెప్పండి. ఇథనాల్ మాట ఎత్తాక ఇంక ఎవరూ చక్రాల వైపు చూడరు.

3. హబ్ రింగులు వద్దనండి. ఐ20 హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే చక్రాలకు నడిమి రంధ్రం చాలావాటికి అంతకంటే పెద్దగా ఉంటుంది, ఎన్నో కార్లకు పనికిరావాలని అలా చేస్తారు. ఆ ఖాళీని నింపే చిన్న ప్లాస్టిక్ రింగే హబ్ రింగు. అది లేకపోతే చక్రం నడిమికి కూర్చోవడం కేవలం నాలుగు బోల్టుల దయ. 80 దాటగానే స్టీరింగు వణుకుతుంది. పక్కన కూర్చున్నవాళ్లకు అది టర్బో పవర్ అని వివరించండి.

4. కంపెనీ టైరు మీద కొలత పక్కన 87 అని ఒక అంకె ఉంటుంది. అది ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుందన్న లెక్క. 84 ఉన్నది దొరికితే అదే తీసుకోండి, 500 కిలోలే మోస్తుంది. ఇక ఐదుగురు ఎక్కబోతే తలుపు దగ్గరే ఆపేయవచ్చు. "టైరు ఓర్వదు కాకా, లోడ్ ఇండెక్స్ తక్కువ" అనండి. లోడ్ ఇండెక్స్ తక్కువన్న మాట అబద్ధం కూడా కాదు.

5. కొత్త టైర్లకు డబ్బు చాలకపోతే పాతవి వేయించండి. టైరు పక్కగోడ మీద డాట్ అని రాసి ఉన్నచోట చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆ అంకెలు లోపలి వైపుకు వచ్చేలా బిగించమని చెప్పండి.

6. తీసేసిన కంపెనీ చక్రాలను అదే రోజు, అదే షాపులో అమ్మేయండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. అవి ఇంట్లో ఉంటే నెల తిరిగేలోపు నాయిన మళ్లీ వేయించమంటాడు, బండి మళ్లీ మెత్తగా నడుస్తుంది, పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసినట్టవుతుంది.

కొనే ముందు ఎవరి సలహా అడగాలో కూడా చెబుతాను. ఎవరినీ అడగవద్దు. సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ మన సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. అందులో పనిచేసే చుట్టం ఒకడు ఉండే ఉంటాడు. పక్కగోడ గురించి అతనికి తెలిసినంత మీకు తెలియడం మంచిది కాదు, వారం పాటు ఫోను ఎత్తకండి. ఒకవేళ పెళ్లిలో ఎదురుపడి పట్టుకుంటే పిరెల్లీ పీ7 పేరెత్తండి. 1970లలో లాంచియా స్ట్రాటోస్ ర్యాలీ కారు కోసం పిరెల్లీ పక్కగోడ బాగా తగ్గించిన ఆ టైరు తెచ్చింది, మలుపుల్లో కారు గట్టిగా పట్టుకునేది. ఆ కారుకు సస్పెన్షన్ అంతా అందుకు తగ్గట్టు కుదిర్చారన్న సంగతి మీరు చెప్పనక్కర్లేదు.

7. పరీక్ష ఎక్కడ చేయాలో తెలుసుకోండి. సంగారెడ్డి నుంచి నిజాంపేట దాకా 161వ జాతీయ రహదారి మీద పెద్ద చక్రాలు కూడా బుద్ధిగా నడుస్తాయి, మలుపుల్లో స్టీరింగు ఇంకా చురుగ్గా పలుకుతుంది. ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి ఫోనులో వీడియో అక్కడ తీయండి. ఆ తర్వాత అసలు పని మొదలుపెట్టాలి. కంగ్టి, నాగల్‌గిద్ద వైపు తండాల రోడ్లెక్కండి. మన నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. దాని మీద పోసిన తారు ఒకచోట కుంగి ఒకచోట లేచి ఉంటుంది. ట్రాక్టర్ల చక్రాలు పడి గాడులు కూడా ఉంటాయి. వెడల్పాటి టైరు ఆ గాడి ఎటు పోతే అటే లాగుతుంది. స్టీరింగు రెండు చేతులా పట్టుకోండి, కష్టపడుతున్నట్టు కనిపించాలి.

ఈ మొదటి సవారీకి అమ్మను తప్పకుండా తీసుకుపోండి. వెనక సీట్లోనే కూర్చోబెట్టండి. ఐ20కి వెనక ఉన్నది రెండు చక్రాలను కలిపే దూలం రకం సస్పెన్షన్, ఒక పక్క గుంతలో పడితే రెండో పక్కకూ తెలుస్తుంది. పైగా వెనక సీటు సరిగ్గా ఆ చక్రాల దగ్గరే ఉంటుంది. ప్రతి ఊరి మొదట్లో, చివర్లో స్పీడ్ బ్రేకరు ఎలాగూ ఉంటుంది. మూడు ఊర్లు దాటేసరికి ఆమె నడుము పట్టుకుని "బస్సే నయం బిడ్డా" అంటుంది. ఇదే మీరు ఎదురుచూసిన మాట. వెంటనే ఒప్పుకోండి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఖేడ్‌లో ఆర్టీసీ డిపో ఉంది. ఏడుపాయలకు, ఝరాసంగానికి, చెల్లె అత్తగారింటికి ఇక ఆమె దారి ఆమె చూసుకుంటుంది. మీరు బస్‌స్టాండు దాకా దిగబెట్టే పని కూడా పెట్టుకోకండి, ఆ దారిలోనూ స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయని గుర్తుచేయండి.

8. గాలి తగ్గించండి. అందరూ గట్టిదనం గురించి ఫిర్యాదు చేస్తే పెద్ద మనసుతో ఒక ఐదారు పాయింట్లు తీసేయండి. రెండు రోజులు మెత్తగా ఉంటుంది, మిమ్మల్ని మెచ్చుకుంటారు. పక్కగోడ పొట్టిగా ఉన్న టైరులో గాలి కూడా తక్కువైతే గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య రబ్బరు చితికిపోతుంది. లోపలి దారాలు తెగి టైరు పక్కన గోలీకాయంత ఉబ్బు లేస్తుంది, లేదా రిమ్ము వంగుతుంది. అదృష్టం బాగుంటే రెండూ జరుగుతాయి. ఉబ్బిన టైరు ఎప్పుడైనా పేలవచ్చు కనుక బండి తీయమని ఇంక ఎవరూ అడగరు. వంగిన రిమ్మును సుత్తితో కొట్టించి సరిచేయించండి, మళ్లీ అక్కడే పగులుతుంది.

9. స్టెప్నీ మార్చకండి. డిక్కీలో ఉన్నది చిన్న రిమ్ముదే కాబట్టి రోడ్డు మీద కొత్త టైరు పోతే దానికి జతకుదరదు. "స్టెప్నీ లేని బండి దూరం పోవద్దు" అన్న ఒక్క మాటతో హైదరాబాద్ ప్రయాణాలన్నీ రద్దవుతాయి.

10. చట్టాన్ని మీ పక్షాన వాడుకోండి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను కంపెనీ చేసిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ కాగితం ప్రింటు తీసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. "సంగారెడ్డి దాకా పోతే దారిలో ఆపుతారు, నాయిన పరువేం గాను?" అని అడగండి. పరువు మాట వచ్చాక మన ఇళ్లలో ఎవరూ ఎదురు చెప్పరు. నాలుగు చక్రాలు ఒక మార్పా, నాలుగు మార్పులా అన్న చర్చ లేవదీస్తే సాయంత్రం దాకా ఇంకే పనీ అడగకుండా గడిచిపోతుంది.

11. బీమా కంపెనీకి చక్రాల సంగతి చెప్పవద్దు. చెబితే పాలసీలో రాసుకుంటారు, ప్రీమియం కాస్త పెరుగుతుంది, రేపు ఏదైనా అయితే క్లెయిము దారిలో పడుతుంది, బండి బాగై మళ్లీ మీ నెత్తిన కూర్చుంటుంది. చెప్పకపోతే ఆ మార్పు చూపించి క్లెయిము నిరాకరించే అవకాశం ఉంది. అప్పుడు బంపరు, లోయర్ ఆర్మ్, షాకప్ అన్నీ మీ జేబు నుంచే బాగుచేయించాలి. మీ జేబులో ఏమీ లేదు. కాబట్టి బాగుచేయించరు. ఇటుకలు తెప్పించి బండిని వాటి మీదికి ఎక్కించి టార్పాలిన్ కప్పండి. ఇక్కడికి మీరు గెలిచారు, మీ పేరు అడిగితే వీధిలో పిల్లలు కూడా "పెద్ద చక్రాల అన్న" అంటారు.

12. చివరిది, అమ్మకం. టార్పాలిన్ కింద ఏడాది ఉంచాక బామ్మర్దిని పిలవండి. దీనికి ముందుచూపు కావాలి. మొదట్లోనే 215/45 ఆర్18 వేయించుకున్నవారికి ఇక్కడ లాభం ఎక్కువ, ఆ టైరు ఎత్తు 651 మిల్లీమీటర్లు, కంపెనీ టైరు కంటే 4.8 శాతం పెద్దది. చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. నిజంగా 10,000 కిలోమీటర్లు తిరిగితే 9,540 కిలోమీటర్లే లెక్కకు ఎక్కుతాయి. "తక్కువ తిరిగిన బండి, పైన అలాయ్‌లకే లక్ష పెట్టిన" అని మొదలుపెట్టండి. చూపించేది పొద్దు గుంకాక. నడిపి చూస్తానంటే బ్యాటరీ దిగిందనండి, ఏడాది నిలబడితే అది ఎలాగూ దిగి ఉంటుంది. అతని అక్క పక్కనే ఉన్నప్పుడు బేరం ఆడండి, ఆమె ముందు తమ్ముడు ధర తగ్గించమని అడగలేడు. చక్రాలు తీసి మామూలువి వేయించి ఇమ్మంటే మాత్రం ఆ ఖర్చు అతనిదే అని ముందే తేల్చేయండి. అడ్వాన్సు నగదుగా తీసుకోండి, రసీదు మీద తేదీ వేయకండి.