చెరువు ముద్దు... నీళ్లే వద్దు!

గోల్కొండనేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా (1550–1580) కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు ఇప్పుడు ఆత్మబంధువులు ఎక్కువైపోయారు.

నిండితే చాలంటాడు ఆయకట్టు రైతు. నిండిన నీళ్లు ఎండాకాలం దాకా ఉండాలంటాడు చేపలు పట్టేవాడు. శిఖంలో పట్టా ఉన్న పెద్దమనిషి మాత్రం మబ్బు పడితే గుండె పట్టుకుంటాడు. చెరువు నిండితే ఆయన సర్వే నంబరు మునుగుతుంది మరి! కట్టమీద రంగురంగుల లైట్లు, బోటు షికారు కావాలనేవాళ్లది ఇంకో జట్టు. అందర్నీ మించిన ప్రకృతి ప్రేమికుడు ప్లాట్ల వ్యాపారి: బ్రోచర్ నిండా నీలినీళ్లే, ఆ నీళ్లొచ్చే కాల్వలో హద్దురాళ్లు.

చెరువుల కబ్జాలు కూల్చే హైడ్రాకు చెప్పుకుందామా? 2024 జులైలో పుట్టిన ఆ సంస్థ బుల్డోజర్లు ఔటర్ రింగురోడ్డు దాకానే. చెరువేమో దానికి అవతల.

రంగారెడ్డి జిల్లా అంతటా ఇదే తంతు. హైదరాబాద్ జంట జలాశయాల కోసం నిర్మాణాలపై ఆంక్షలతో 1996లో తెచ్చిన 111 జీవో నగరానికి రక్ష, దాని కిందికొచ్చిన 84 గ్రామాల్లో చాలామందికి శిక్ష. ఎత్తేస్తామని 2023 మేలో మంత్రివర్గమే తీర్మానించింది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను సర్కారు ఐటీకి అంది, పక్కనున్న కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడవి అన్నారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు గొడ్డలి ఆపింది.

పెద్దచెరువు పక్కన కేంద్రీయ విశ్వవిద్యాలయం లేకపోయె!