వింశతిత్రయం: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఇరవై నిమిషాలయింది. లేవండి. ఇరవై అడుగుల అవతలికి ఇరవై సెకన్లు చూడండి."

అవతారిక: కంప్యూటరు ముందు కదలకుండా కూర్చునేవారికి మంచి అలవాట్లు నేర్పే వెబ్ యాప్ తెర మూలన చూపే సందేశం ఇది. కావ్యం మొత్తం ఇంతే. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాసేటప్పుడు, ఆధారం లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్య అందులో మొదటి సగానికి మాత్రమే కట్టుబడుతుంది.

ప్రతిపదార్థం: ఇరవై నిమిషాలు = మౌసు పట్టినది మొదలు గడచిన కాలము; అయింది = ముగిసినది (కాలమే గాని పని కాదు); లేవండి = కుర్చీని విడువుడు; ఇరవై అడుగుల అవతలికి = ఆరు మీటర్లకు పైబడిన దూరమునకు (చేయి చాచి ఫోను చూచుట చెల్లదని భావము); ఇరవై సెకన్లు = తొందరపడక ఇరవై అంకెలు లెక్కించునంత సేపు; చూడండి = రెప్పలార్పుచు చూడుడు.

విశేషం: మూడు ఇరవైల నియమాన్ని 1990లలో ప్రచారంలోకి తెచ్చినవాడు కాలిఫోర్నియా ఆప్టోమెట్రిస్టు జెఫ్రీ ఆన్షెల్. మూడు చోట్లా ఒకే అంకె ఉండటం జ్ఞాపకానికి సాయం. కంటికి ఎక్కాలు రావు. దగ్గరి అక్షరాన్ని చూసేటప్పుడు కంటిలోని సీలియరీ కండరం బిగుసుకుని కటకాన్ని ఉబ్బిస్తుంది. దూరం చూస్తే అది సడలుతుంది. ఇరవై అడుగులు దాటాక సడలింపు దాదాపు పూర్తవుతుంది కనుక కంటి పరీక్షలో అనంతం అక్కడి నుంచే మొదలు. తెర ముందు రెప్పపాట్లు సగానికి పైగా తగ్గుతాయి. సాయంత్రానికి కళ్లు మండటానికి అదొక కారణం.

ఎన్టీఆర్ జిల్లా కంచికచర్ల మండలంలోని పరిటాలలో ఉన్నవారు అనంతం కోసం వెతుక్కోనక్కరలేదు. విజయవాడ–హైదరాబాదు రహదారి పక్కన 2003లో నిలిపిన ఆంజనేయస్వామి విగ్రహం ఎత్తు 135 అడుగులు. కిటికీ అటు తెరుచుకుంటే యాప్ చెప్పిన పనీ దైవదర్శనమూ ఒకేసారి అవుతాయి. అయితే పాదాలకు సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో నిలబడి స్వామి ముఖం చూడబోతే కంటి బాధ పోయి మెడ నొప్పి పట్టుకుంటుంది. కాబట్టి ఇక్కడ ఇరవై అంటే కనీసం ఇరవై అని గ్రహించాలి.

శంక: 'అయింది' అని యాప్‌కు ఎలా తెలిసింది? సెకనుకొకటి చొప్పున అంకె తగ్గిస్తూ పోతే చాలదా?

సమాధానం: చాలదు. 1947కు ముందు చుట్టూ ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా ఉంటే, మధ్యలో వజ్రపు గనులున్న పరిటాల మాత్రం నిజాం ఏలుబడిలో ఉండేది. పొలిమేర దాటితే చట్టం మారేది. వెనక్కి వెళ్లిన ట్యాబుదీ అదే స్థితి. బ్రౌజరు దాని గడియారాన్ని వేరే చట్టంతో నడుపుతుంది. 2021లో వచ్చిన క్రోమ్ 88 పెట్టిన చట్టం ప్రకారం, ఐదు నిమిషాలకు పైగా కనబడకుండా, చప్పుడు చేయకుండా ఉన్న ట్యాబులో టైమరు నిమిషానికి ఒక్కసారే కదులుతుంది. ఆ లెక్కన యాప్ తెరవగానే ఎక్సెల్‌లోకో మరో ట్యాబులోకో వెళ్లే మనిషికి మొదటి ఐదు నిమిషాలు సవ్యంగా దిగి, మిగిలిన పదిహేను నిమిషాలు దిగడానికి పదిహేను గంటలు పడుతుంది. పొద్దున పది గంటలకు కూర్చున్నవాడికి యాప్ లేవమనేది అర్ధరాత్రి దాటాక. అంకెలు దించడం మాని, మొదలైన వేళను రాసి పెట్టుకుని, టైమరు కదిలినప్పుడల్లా ప్రస్తుత వేళ నుంచి దాన్ని తీసివేయాలి. అప్పుడు తేడా నిమిషానికి మించదు. ఇక సందేశం చూపడానికి అనుమతి అడగవలసింది పేజీ తెరవగానే కాదు, 'మొదలుపెట్టు' నొక్కాక. గడప తొక్కకముందే చందా అడిగేవారికి ఏ ఇంట్లోనూ దొరికే జవాబు ఒక్కటే.

పాఠాంతరాలు: 'లేవగలరు' అని ఒక పాఠం ఉంది. ఆఫీసు నోటీసుల్లోని 'గమనించగలరు' వంటిది. లేవగల శక్తి ఉందని హామీ ఇస్తుందే గాని లేవమనదు. 'లే' అని మరొకటి. కృష్ణా జిల్లాలో ఇది నాన్న నోట చెల్లుతుంది, యంత్రం నోట చెల్లదు. 'విరామం తీసుకోండి' అనేది అనువాదకుల పాఠం. విరామం ఎవరో చేతికిస్తే తీసుకునే వస్తువు కాదు గనుక త్యాజ్యం.

ప్రక్షిప్త విచారం: ఆన్షెల్ నియమంలో 'లేవండి' లేదు. కంటికి లేవవలసిన పని లేదు, తల ఎత్తితే చాలు. ఈ మాటను యాప్ రాసినవారు చేర్చారు. చేర్చినది అవసరమైనదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూర్చునే కాలం తగ్గించమనే చెబుతున్నాయి. కానీ చేర్చిన చోటు తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఊరూరా ఒక డిజిటల్ అసిస్టెంటు తెర ముందు కూర్చున్నారు. అర్జీదారు ఎదురుగా ఉండగా ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి ద్వారం వైపు చూడటం ఎవరినీ నొప్పించదు, వరుస ఎంత ఉందో కూడా తెలుస్తుంది. అదే గంటకు మూడుసార్లు కుర్చీలోంచి లేస్తే వరుసలో ఉన్నవారు కూడా కదులుతారు, ఆరోగ్యం కోసం మాత్రం కాదు. కనుక ఉద్యోగి కూర్చున్నచోటే 'సరే' నొక్కుతారు. లేవనందుకు నొక్కిన ఆ 'సరే' కంటికి దక్కవలసిన ఇరవై సెకన్లను కూడా మింగేస్తుంది. యాప్ లెక్కలో మాత్రం రెండూ జరిగినట్టే.

పరిష్కృత పాఠం: "ఇరవై నిమిషాలయింది. ఇరవై అడుగుల అవతలికి ఇరవై సెకన్లు చూడండి." ఇది ఒకటి. దీనికి 'సరే' మీట ఉండదు. సెకన్లు అయిపోగానే దానంతట అదే మాయమవుతుంది. రెండోది గంటకోసారి వచ్చేది: "సీసాలో నీళ్లయిపోయి ఉంటాయి. లేవండి."

తాత్పర్యం: స్పష్టం.