ఒకటి, పది, పదకొండు... తర్వాత రెండు

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడగానే నెల్లూరు తీరం కృష్ణపట్నం వైపు తల తిప్పుతుంది. ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్నదే ఆ రోజు మైపాడులోనూ తూపిలిపాళెంలోనూ నడిచే ముచ్చట. ఒకటో నంబరంటే ఎక్కడో నడిసముద్రంలో ఏదో పుట్టింది, వేటకు పోయేవాళ్ళు ఓ కన్నేసి ఉంచాలి. మూడంటే ఈదురుగాలి రేవు మీదికే రావచ్చు. ఎనిమిది నుంచి పది దాకా మహాప్రమాదం. పదకొండుది ఇంకో దారి: వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయి, ఇక ఎవరి తెలివి వాళ్ళది.

ఈ పదకొండు నంబర్లనీ అంకెల్లో, లైనుకొకటిగా ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి, లినక్స్ మెషీన్లో ‘సార్ట్’ అనే కమాండ్‌కి అప్పగిస్తే అది వరుస పెట్టి ఇచ్చేది ఇదీ: 1, 10, 11, 2, 3, 4... అట్టడుగున 9. అంటే ముందు చిన్న జాగ్రత్త, మరుక్షణం మహాప్రమాదం, ఆ వెంటనే ఫోన్లు తెగిపోవడం, అదంతా అయ్యాక తీరిగ్గా రెండో నంబరు హెచ్చరిక. ఈ లెక్కన తుపాను ఊళ్ళన్నీ ముంచి వెళ్ళిపోయి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కొచ్చి, మొదట్నుంచి మొదలుపెట్టాలి.

సార్ట్‌ని తిట్టి లాభం లేదు. 1970ల తొలినాళ్ళలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ తోబుట్టువుగా పుట్టిన పనిముట్టది. ఇప్పటి లినక్స్ మెషీన్లలో ఉండే గ్నూ సార్ట్‌ని మైక్ హేర్టెల్, పాల్ ఎగర్ట్ రాశారు. దానికి లెక్కలు వచ్చు. అడగనిదే లెక్క కట్టదు, అంతే. అడక్కపోతే ప్రతి లైనునీ మాటగానే చూస్తుంది, ఎడమ నుంచి ఒక్కో అక్షరాన్నీ పోలుస్తుంది. 10లో మొదట ఉన్నది 1. దానికి ఎదురుగా నిలబడింది 2. ఒకటి ముందు, రెండు వెనక. తీర్పు అయిపోయింది, పక్కనున్న సున్నా సంగతి దానికి అక్కర్లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసేదాన్ని చూసి నవ్వడం భావ్యం కాదు. నవ్వాల్సింది దాని ముందు చేతులు కట్టుకు నిలబడేవాళ్ళని చూసి.

వీళ్ళలో రెండు తెగలు. మొదటి తెగది భక్తి మార్గం. కాగితం మీద పది తర్వాత రెండు అచ్చయి వచ్చినా “కంప్యూటర్ పెట్టిన వరుస సార్, మనం మార్చకూడదు” అంటారు. రెండో తెగది జ్ఞాన మార్గం. “ఒక్క అక్షరం చాలు, సార్ట్ పక్కన మైనస్ ఎన్ కొట్టండి, అంకెల్ని అంకెలుగానే చూస్తుంది” అని కళ్ళు సగం మూసుకుని ఉపదేశిస్తారు. మొదటివాళ్ళతో పెద్ద ఇబ్బంది లేదు, చెబితే వింటారు. ప్రమాదమంతా ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోయినవాళ్ళతో.

ఆ ఉపదేశం పనిచేసే చోట బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అది ఒప్పుకోవాలి. తీరం పొడుగునా ఉన్న రొయ్యల చెరువుల్నే తీసుకుందాం. ఇక్కడ ధర కౌంట్ మీద నడుస్తుంది. కిలోకి ఎన్ని తూగితే అన్ని కౌంట్. ముప్పై కౌంట్ అంటే బలిసిన రొయ్య, వంద కౌంట్ అంటే బక్క రొయ్య; అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ముప్పై నుంచి వంద దాకా కౌంట్లు రాసిన ఫైలుని ఉత్త సార్ట్‌కి ఇస్తే వంద ముందొస్తుంది, ముప్పై దాని కిందికి పోతుంది. గట్టు మీద కూర్చున్న పెద్దాయన అది చూస్తే “ఏందబ్బయ్యా, బక్కది పైనెక్కి కూర్చుందే” అంటాడు. మైనస్ ఎన్ పెడితే ముప్పై పైకి, వంద కిందికి. పండితుడికి జేజేలు.

కానీ పండితుడు అక్కడితో ఆగితే కదా. పెద్దవి పైన ఉండాలని మైనస్ ఆర్ కూడా తగిలిస్తాడు, వరుస తలకిందులవుతుంది, వంద కౌంట్ మళ్ళీ సింహాసనమెక్కుతుంది. ఈసారి గణితశాస్త్రం ఆశీస్సులతో. పెద్ద అంకె అంటే చిన్న రొయ్య అన్న సంగతి ఏ మీటలోనూ లేదు.

ఇంతకన్నా తమాషా ఎగుమతి గోడౌన్లో జరుగుతుంది. అమెరికాకు వెళ్ళే సరుకుని పౌను లెక్కన 16/20, 21/25, 26/30 అని గ్రేడు కడతారు. పౌనుకి పదిహేను లోపే తూగే భారీ రొయ్యకి యూ/15 అని రాస్తారు, యూ అంటే అండర్. ఉత్త సార్ట్‌లో అంకెల తర్వాతే అక్షరాలు కాబట్టి గోడౌన్లోకెల్లా ఖరీదైన రొయ్య జాబితా అడుగుకి జారిపోతుంది. మైనస్ ఎన్ పెడితే చప్పున పైకొస్తుంది. పండితుడు కాలరెగరేస్తాడు. నిజానికి జరిగిందేమిటంటే, లైను అక్షరంతో మొదలైతే మైనస్ ఎన్‌కి అందులో అంకె కనబడదు, విలువ సున్నా అనుకుంటుంది. సున్నా పదహారు కన్నా తక్కువ, అందుకే పైన. పౌనుకి సున్నా రొయ్యలు తూగే సరుకు ఎలా ఉంటుందో ఎగుమతిదారుణ్ణే అడగాలి.

డబ్బు దగ్గరికొస్తే ఇదే జ్ఞానం జేబు కోస్తుంది. రైతులకి ఇవ్వాల్సిన బాకీలు 1,25,000 అనీ 95,000 అనీ మన పద్ధతిలో కామాలు పెట్టి రాశారనుకోండి. ఏ భాషా అమర్చని ఉత్త సర్వర్ మీద మైనస్ ఎన్ మొదటి కామా దగ్గరే ఆగిపోతుంది. లక్షా పాతికవేలు దాని కంటికి ఒకటి, తొంభై అయిదువేలు తొంభై అయిదు. పెద్ద బాకీ చిన్నదైపోయింది. అదే ఫైలుని భారతీయ ఇంగ్లీషు అమర్చిన ల్యాప్‌టాప్‌లో నడిపితే కామాలని దాటుకుంటూ వెళ్ళి సరిగ్గానే పెడుతుంది. ఫైలొకటే, కమాండొకటే, వరుసలు రెండు. ఇక ౧౦, ౨ అని తెలుగు అంకెల్లో రాసిన స్వాభిమానిని అది అసలు లెక్కలోకే తీసుకోదు, అన్నీ సున్నాలే.

పొలం సర్వే నంబర్లది మరో కథ. 10/1, 10/2, 10/10 అని సబ్ డివిజన్లుంటాయి. మైనస్ ఎన్ గీత దాకా చదివి, అన్నీ పదే కదా అనుకుని, మిగతాది అక్షరాల పద్ధతికి వదిలేస్తుంది. మళ్ళీ 10/1, 10/10, 10/2. గీత దగ్గర కోసి, ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ విడివిడిగా అంకెలుగా చూడమని మైనస్ టీ, మైనస్ కే లతో చెబితే గానీ దారికి రాదు. ఈ గొడవంతా ఎందుకని స్ప్రెడ్‌షీట్‌కి మొరపెట్టుకునేవాళ్ళున్నారు. అందులో 10-2 అని కొడితే అది పొలం అన్న సంగతే మరిచి ఫిబ్రవరి 10 చేసేస్తుంది. నవ్వులాట కాదిది: మార్చ్1 అనే మానవ జన్యువుని స్ప్రెడ్‌షీట్లు పదే పదే మార్చి నెల కింద మారుస్తుంటే తట్టుకోలేక, జన్యువుల పేర్లు చూసే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేరునే మార్చ్‌ఎఫ్1గా మార్చుకుంది. యంత్రం మారనంది, మనిషి జన్యువు మారింది.

ఇప్పుడు ఈ మైనస్ ఎన్ పండితుణ్ణి శ్రీహరికోట తీసుకెళ్ళాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది తిరుపతి జిల్లాలో పడింది గానీ, రాకెట్ లేచే పూట మిద్దెలెక్కే సూళ్లూరుపేట జనం ఆ గీతని పెద్దగా పట్టించుకోరు. వాళ్ళు షార్ అని పిలుచుకునే ఆ రాకెట్ రేవు నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీల పేర్లు ఒక ఫైల్లో పెట్టి సార్ట్ అంటే: సీ1, సీ10, సీ11, సీ12... సీ19 దాకా వెళ్ళి, అప్పుడు సీ2. అంటే 1997 తర్వాత ఒక్క గెంతులో 2008, చంద్రయాన్ చంద్రుడి వైపు వెళ్ళిపోయింది. ఆ తర్వాత మనవాళ్ళు 1999లో సీ2 తయారు చేస్తున్నారు. 2002లో కల్పన-1ని మోసిన సీ4 ఎక్కడుందని వెతికితే, 2017లో ఉష్ణకవచం విడిపోక విఫలమైన సీ39 కింద దొరుకుతుంది.

పండితుడు చిరునవ్వుతో మైనస్ ఎన్ కొడతాడు. ఏమీ మారదు. ఒక్క లైను కూడా కదలదు. అన్నీ ఇంగ్లీషు పీ అక్షరంతో మొదలవుతాయి, అన్నిటికీ విలువ సున్నా, అన్నీ సమానం, కాబట్టి మళ్ళీ అక్షరాల తగువే. ఒక్క హెచ్చరిక మాట కూడా తెర మీద కనబడదు. కృష్ణపట్నం రేవులో కనీసం హెచ్చరిక గుర్తయినా ఎగరేస్తారు.

పట్టుదల కలవాడైతే మాన్యువల్ తిరగేసి, సీ అక్షరం దగ్గర కోసి వెనక ముక్కని అంకెగా చదవమంటాడు. లేదా వెర్షన్ నంబర్ల కోసం పెట్టిన మైనస్ వీ వాడతాడు. అప్పుడు సీ8, సీ9, సీ10, సీ11 ముచ్చటగా నిలబడతాయి. దాన్ని చూసి “ఇదీ పీఎస్‌ఎల్‌వీ చరిత్ర, ప్రయోగాల క్రమంలో” అని శీర్షిక పెడతాడు. ఇక్కడ దొరుకుతాడు.

ఎందుకంటే సీ10 ముందు ఎగిరింది. 2008 జనవరి 21న అది ఇజ్రాయెల్ ఉపగ్రహాన్ని మోసుకెళ్ళింది. సీ9 లేచింది ఆ ఏప్రిల్ 28న. సీ21 2012 సెప్టెంబరులో, సీ20 2013 ఫిబ్రవరిలో. అన్నిటికన్నా అందమైనది మంగళయాన్ వరుస: సీ25 2013 నవంబరు 5న, సీ24 2014 ఏప్రిల్ 4న, సీ23 జూన్ 30న. మూడు రాకెట్లు అచ్చంగా వెనక్కి నడిచాయి. ఇరవై ఆరు నెలలకోసారి గానీ అంగారకుడి వైపు అనువైన దారి తెరుచుకోదు. ఇరవై నాలుగో నంబరు అయ్యాకే వస్తామంటే అంగారకుడు ఆగుతాడా? నంబరు అక్కడ రాకెట్‌కి పేరు. పేర్లని పోగేసి లెక్క కడితే వచ్చేది చరిత్ర అని ఏ మాన్యువల్లోనూ రాయలేదు.

సరే, తేదీలనే వరుస పెడదామంటాడు. మన పద్ధతిలో రోజు ముందు, నెల తర్వాత, సంవత్సరం చివర. ఇలా రాసి సార్ట్‌కి ఇస్తే 04-04-2014, 05-05-2005, 05-11-2013 ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. మంగళయాన్ 2014 తర్వాత బయల్దేరుతుంది. 2001 అక్టోబరు 22న లేచిన సీ3, 2008 అక్టోబరు 22న లేచిన సీ11 కవలలైపోతాయి. మైనస్ ఎన్ ఇక్కడా రక్షించదు, రోజు అంకె చదివి సరిపెట్టుకుంటుంది. సంవత్సరం ముందు, నెల, రోజు రాసుకుంటే ఏ మీటా అవసరం లేకుండా ఉత్త సార్టే సరిగ్గా పెడుతుంది. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం చెప్పేదీ అదే. కానీ అలా రాస్తే పండితుడికి చెప్పడానికేం మిగులుతుంది?

మీటలతో పని లేని దారి రైల్వేవాళ్ళకి దొరికింది, వాళ్ళు దాన్ని వెతికారో లేదో గానీ. 2010 డిసెంబరులో రైళ్ళకి అయిదంకెల నంబర్లొచ్చి, నెల్లూరు మీదుగా పోయే పినాకిని 2711 నుంచి 12711 అయింది. అన్నీ అయిదంకెలే అయితే అక్షరాల వరుసా అంకెల వరుసా ఒకటే. షార్‌లో కూడా జీఎస్‌ఎల్‌వీకి ఎఫ్01, ఎఫ్02 అని సున్నా కలిపి పేర్లు పెట్టారు, పీఎస్‌ఎల్‌వీకి మాత్రం ఆ సున్నా దక్కలేదు. అయితే ఎఫ్09 2017 మే నెలలో ఎగిరితే ఎఫ్08 మరుసటి మార్చిలో ఎగిరింది. సున్నాకి కూడా కొన్ని పరిమితులున్నాయి.

ఇంతలో పండితుడు తన వరుసని భద్రపరుస్తాడు, అది కూడా అదే ఫైల్లోకి, బాణం గుర్తుతో మళ్ళించి. షెల్ ముందు ఆ ఫైలుని ఖాళీ చేసి, తర్వాతే సార్ట్‌ని పిలుస్తుంది. ఫలితాన్ని ఫైల్లోకి రాసే మైనస్ ఓ వాడితే ఈ గతి పట్టేది కాదు. మిగిలిన ఖాళీ ఫైలు మాత్రం ఎటు నుంచి చూసినా సరైన వరుసలోనే ఉంది.

పాత నకలు తెచ్చి, మళ్ళీ కోసి, మళ్ళీ పేర్చాక ఒక అనుమానం మిగులుతుంది. సీ12 కింద సీ14 ఉంది. లైను ఎగిరిపోయిందని తీర్మానించి, ఫైలు పంపినవాళ్ళకి ఘాటుగా ఒక మెయిల్ రాస్తాడు. 2009 ఏప్రిల్ 20న సీ12 వెళ్ళింది, ఆ సెప్టెంబరు 23న సీ14 వెళ్ళింది. సీ13 అనే రాకెట్ షార్ నుంచి లేవనే లేదు. జీఎస్‌ఎల్‌వీల్లో కూడా ఎఫ్12 వెళ్ళాక లేచింది ఎఫ్14. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు చెంగాళమ్మ గుడికి వచ్చిపోవడం చూస్తుండే సూళ్లూరుపేట టీకొట్టు మనిషికి ఇందులో వింతేమీ కనబడదు. పండితుడు మాత్రం మాన్యువల్ పేజీ తెరిచి, పదమూడు కోసం ఏ మీట పెట్టారోనని వెతుకుతున్నాడు.