ఫెయిలైతే టీమ్, పాసైతే సారు

ప్రాజెక్టు గట్టెక్కిన రాత్రి మన సారు రాసే మెయిల్ ఎప్పుడైనా శ్రద్ధగా చదివారా? ప్రమాదం ముందే ఊహించింది నేను, క్లయింటును ఒప్పించింది నేను, ప్లాను మార్చింది నేను అంటూ మూడు పేరాల నిండా నేనులే బారులు తీరి ఉంటాయి. చిట్టచివర సంతకానికి కాస్త పైన, "సహకరించిన టీమ్‌కు థ్యాంక్స్" అని ఓ ముక్క. పేర్లుండవు. పెళ్లి శుభలేఖలో కూడా బంధుమిత్రుల అభినందనల కంటే ముందు ఓ మేనమామ పేరైనా వేస్తారు.

అదే ప్రాజెక్టు మునిగిన రోజు మెయిల్ తెరవండి. నేను అనేవాడు మచ్చుకైనా కనపడడు. "టీమ్ వైపు నుంచి కొన్ని లోపాలు జరిగాయి" అని మొదలవుతుంది. ఆ టీమ్‌లో సారు కూడా ఉన్నారా అని అడిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఈసారి పేర్లు కూడా దొరుకుతాయి. రాత్రి రెండింటికి లేచి ప్యాచ్ వేసిన కుర్రాడి పేరు, టెస్టింగ్‌కు మూడు రోజులు అడిగితే ఒక్క రోజే దక్కిన అమ్మాయి పేరు, బోల్డ్‌లో, ఎర్ర రంగులో, పెద్దలందర్నీ కాపీలో పెట్టి మరీ.

ఈ సారుగారే ఏడాదికోసారి మొయినాబాద్ వైపు ఏదో రిసార్టుకు వెళ్లి, టీమ్‌లో దాగున్న ప్రతిభను వెలికి తీయడమెలాగో రెండు రోజులు నేర్చుకుని వస్తారు. కాలర్ మైకు పెట్టుకున్న ట్రైనర్ అందర్నీ పచ్చికలో నిలబెట్టి, కళ్లు మూసుకుని వెనక్కి పడమంటాడు. వెనకున్న సహోద్యోగి పట్టుకోవాలి. నమ్మకం పెరుగుతుందట. తర్వాత చార్టు పేపర్లు, స్కెచ్ పెన్నులు, నాయకత్వానికి ఏడు మెట్లు, సాయంత్రం పనీర్ టిక్కా, డీజే. శనివారం సారు వెనక్కి పడితే నడుం విరగకుండా పట్టుకున్నది టీమ్ లీడే. సోమవారం ఆ టీమ్ లీడుకే రేటింగ్ తగ్గింది. ఏం చేస్తారు పాపం, బెల్ కర్వ్‌లో ఖాళీ లేదు.

ఈ బెల్ కర్వ్ సంగతి కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అప్రైజల్ రోజుల్లో ఇళ్లలో జరిగే గొడవల్లో దీని వాటా తక్కువేం కాదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి జాక్ వెల్చ్ పెద్దగా ఉన్న కాలంలో ఉద్యోగుల్ని ఏటా మూడు వాటాలు వేసేవారు. పైన 20 శాతం, నడుమ 70, అడుగున 10. అడుగువాళ్లకు వీడ్కోలు. మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటి పద్ధతే ఏళ్ల తరబడి నడిపింది. ఒక టీమ్‌లో పదిమందీ మెరికలే అయినా ఒకరిని పనికిమాలినవాడని రాయాల్సిందే. దాంతో గట్టివాడు గట్టివాళ్లున్న టీమ్‌కు ఆమడ దూరం జరిగాడు. పక్కవాడికి సాయం చేస్తే తన గొయ్యి తాను తవ్వుకున్నట్టేనని అందరికీ అర్థమైంది. 2012లో వానిటీ ఫెయిర్ పత్రికకు కర్ట్ ఐకెన్‌వాల్డ్ రాసిన కథనంలో, ఆయన మాట్లాడిన ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు ఒక్కరు కూడా మినహాయింపు లేకుండా కంపెనీకి అన్నిటికంటే ఎక్కువ చేటు చేసింది ఇదేనన్నారు. 2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని ఎత్తేసింది. 2014 ఫిబ్రవరిలో మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల అక్కడ సీఈఓ అయ్యారు. అప్పట్నుంచి ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం గురించి ఆయన చెప్పిన మాట, పక్కన ఆయన నవ్వు మొహం లేని మేనేజర్ స్లైడు మన ఊళ్లో అరుదు. ఆ తర్వాతి స్లైడు బెల్ కర్వ్.

దాన్ని ఎప్పుడో తీసేశామండీ అనే కంపెనీలూ ఉన్నాయి. తీసేసినచోట 'నార్మలైజేషన్' అని పేరు పెట్టి మళ్లీ కూర్చోబెట్టారు. అప్రైజల్ గదిలో సంభాషణ మాత్రం మారలేదు. సారు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, "నేను నీకు నాలుగిచ్చాను, పైన మూడు చేశారు" అంటారు. ఆ పైనాయన్ని అడిగితే ఆయనకూ ఓ పైన ఉంటుంది. ఈ 'పైన' ఏ అంతస్తులో ఉంటుందో ఇంతవరకు లిఫ్టుకు కూడా తెలియదు.

ప్రైవేటు వాళ్లనే ఆడిపోసుకుంటే పక్షపాతం అవుతుంది. పేపర్లో జిల్లా పేజీ తిప్పండి, "సమీక్షలో అధికారులపై ఆగ్రహం" అన్న హెడ్డింగు లేకుండా వారం గడవదు. "సమీక్షలో సిబ్బంది ఇబ్బందులు ఓపిగ్గా విన్న అధికారి" అని ఒక్కసారైనా చూశారా? ఆగ్రహమే పరిపాలన అని మనమూ ఒప్పేసుకున్నాం. సాయంత్రం టెలికాన్ఫరెన్సులో పంచాయతీ కార్యదర్శి బండి రోడ్డు పక్కన ఆపి, హెల్మెట్ తీసి, ఫోను మ్యూట్‌లో పెట్టి నిలబడతాడు. మండలాలకు ర్యాంకులు చదువుతారు. ఆఖరి మూడు మండలాలకు అక్షింతలు, షోకాజ్ నోటీసులు. అన్ని మండలాలూ నూటికి తొంభై దాటినా ఆఖరి మూడు మండలాలంటూ ఉండి తీరతాయన్న లెక్క ఐదో తరగతి పిల్లాడికి తెలుసు, సమీక్షకు తెలియదు. మర్నాటి నుంచి పని మారదు, ఫొటో మారుతుంది. ఊడ్చిన ఒకే వీధిని మూడు వైపుల నుంచి తీసి యాప్‌లో ఎక్కిస్తే మూడు వీధులు శుభ్రమైపోతాయి. డ్యాష్‌బోర్డు పచ్చగా మెరుస్తుంది. మురుగుకాలువ మాత్రం సమీక్షకు హాజరు కాలేదు, ఎక్కడిది అక్కడే ఉంది.

ఈ దాపరికం వెనక మర్మం హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ ఎప్పుడో కనిపెట్టారు. ఆస్పత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్ల లెక్క తీస్తే, బాగా పనిచేసే టీముల్లో పొరపాట్లు ఎక్కువ కనిపించాయి. ఆవిడే ముందు కంగుతిన్నారు. తరచి చూస్తే అక్కడి నర్సులు తప్పు జరిగితే భయపడకుండా చెప్పేవారు, మిగతాచోట్ల దాచేసేవారు. తర్వాత గూగుల్ కూడా తన 180 టీములను పరిశీలించి, నోరు విప్పినా ప్రమాదం లేదన్న ధీమా ఉండటమే గొప్ప టీములకు అన్నిటికంటే ముఖ్యమని తేల్చింది. మన సారు ఈ సంగతి కూడా స్లైడులో పెట్టారు. స్లైడు బాలేదన్న కుర్రాణ్ని వేరే ప్రాజెక్టుకు మార్చారు.

టీమ్‌లోంచి ప్రతిభ రావడం లేదంటే గంటలు చాలలేదని అర్థం అనేవారు మరికొందరు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాట బయటికొచ్చింది: 90 గంటలు చేయాలి, ఆదివారాలు కూడా రావాలి, ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపని చూస్తారని. 2023-24లో ఆయన అందుకున్నది సుమారు 51 కోట్ల రూపాయలు. గంటకెంతో లెక్కేసుకుంటే ఆదివారం ఆఫీసుకు పరుగెత్తాలని మనకీ అనిపిస్తుంది. భార్యలు మాత్రం భర్తల మొహం ఎంతసేపని చూస్తారని కూడా ఆయనే అడిగారు.

టీమ్‌ను వెనకేసుకురావడం అసలు మనవల్ల కాని పనేమో అనుకోవడానికీ లేదు. మన గడ్డ మీదే, అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోటలో, 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ లేచింది. మొదటి దశ బాగానే మండింది. రెండో దశలో అదుపు తప్పింది, 317 సెకన్లకు బంగాళాఖాతం పాలైంది. ప్రాజెక్టు బాధ్యుడు అబ్దుల్ కలామ్. ప్రయోగం వద్దని కంప్యూటర్ ఆపితే, నిపుణుల మాట మీద ముందుకు వెళ్దామని నిర్ణయించింది తానేనని ఆయనే తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. అంటే మెయిల్‌లో ఎర్ర రంగుకు అన్ని విధాలా అర్హుడు. మన సారైతే ఏం చేసేవారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. సాయంత్రానికల్లా విచారణ కమిటీ, వారంలో బదిలీ, నెలలో చార్జి మెమో.

ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్ ఏం చేశారంటే, విలేకరుల ముందు తానే కూర్చున్నారు. ఇది మా వైఫల్యం, నా టీమ్‌కు నేను అండగా ఉంటాను, వచ్చే ఏడాది వాళ్లు గెలుస్తారు అన్న అర్థంలో మాట్లాడి, ప్రశ్నల రాళ్లన్నీ తనమీదే వేయించుకున్నారు. పదకొండు నెలలు తిరిగాక, 1980 జులై 18న, అదే టీమ్, అదే కలామ్, అదే శ్రీహరికోట. రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. అప్పుడు విలేకరుల సమావేశం నువ్వే నడుపు అని కలామ్‌ను ముందుకు తోశారు. ఈ పెద్దమనిషి ఏ రిసార్టులో నేర్చుకున్నారో ఎవరూ రాయలేదు. ఏ ట్రైనరూ ఆయన్ని వెనక్కి పడమని అడిగినట్టు కూడా దాఖలా లేదు.

ఈ కథను చెప్పని మోటివేషన్ ఉపన్యాసం తెలుగు దేశాన లేదు. సారు విన్నారు, చప్పట్లు కొట్టారు, వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ కూడా చేశారు. విచిత్రమేమిటంటే విన్న ప్రతి సారూ తనను తాను కలామ్ అనుకుంటారు. తన పైవాడు ధావన్‌లా ఎందుకు ఉండడని నిట్టూరుస్తారు. కింద కూర్చున్న కుర్రాడు తనవైపు చూసి అదే నిట్టూరుస్తున్నాడన్న అనుమానం మాత్రం రాదు.

కాబట్టి సారూ, మీకో మనవి. ఏడు మెట్లు అక్కర్లేదు. ఈ సోమవారం క్లయింటు కాల్‌లో ఆ ప్యాచ్ వేసిన కుర్రాడి పేరు చెప్పండి, ఇంటిపేరుతో సహా. టెస్టింగ్‌కు మూడు రోజులడిగిన అమ్మాయికి మూడు రోజులూ ఇవ్వండి. ఈసారి ఏదైనా మునిగితే మెయిల్‌లో మొదటి పేరు మీదే వేసుకోండి, బోల్డ్ కూడా అవసరం లేదు. రిసార్టు డబ్బులు ఎలాగూ మిగులుతాయి, రాత్రి షిఫ్టు వాళ్లకు క్యాబ్ వేయించండి. రెండు నెలల నుంచి ఆగిపోయి ఉంది.