ఆషాఢం ఎందుకు పెట్టారంటే

కొత్త పెళ్ళికూతుర్ని ఆషాఢంలో పుట్టింటికి పంపెయ్యడం మన ఆచారం. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదని పైకి చెబుతారు. అసలు సంగతి మా నాయనమ్మ గొంతు తగ్గించి చెప్పేది: ఆ నెలలో కడుపు పండితే చైత్రానికో వైశాఖానికో కాన్పొస్తుంది, ఆ ఎండల్లో బాలింతా పసిగుడ్డూ ఉడికిపోతారు అని. ఇన్నేళ్ళూ నేనూ అదే నమ్మాను. మొన్న ఏప్రిల్లో మా కోడలికి కంపెనీ నుంచి వచ్చిన మెయిలు చదివాక జ్ఞానోదయమైంది. ఎండలు సాకు మాత్రమే. మన పెద్దలు కోడళ్ళను కాపాడబోయింది అప్రైజళ్ళ నుంచి.

కోడలు మాదాపూర్‌లో ఓ పెద్ద కంపెనీలో పనిచేస్తుంది. కంపెనీ పేరు చెప్పను, చెబితే మళ్ళీ వచ్చే ఏడు కూడా ఆ పిల్లకి ఇదే మెయిలొస్తుంది. ఫిబ్రవరి సగంలో సెలవు పెట్టింది, నెలాఖరుకు మనవడు పుట్టాడు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా వాళ్ళ లెక్కల సంవత్సరం. అందులో పదిన్నర నెలలు ఆఫీసులోనే ఉంది. డిసెంబర్లో ఏడో నెల కడుపుతో, వీపు కింద రెండు దిళ్ళు పెట్టుకుని, అమెరికా వాళ్ళతో రాత్రి రెండింటి దాకా మాట్లాడుతుంటే మంచినీళ్ళ చెంబు అందించిన సాక్షిని నేను.

"మావయ్యగారూ, ఇది ఒకసారి చూస్తారా? ఇంక్రిమెంట్ల సంగతి మీకు తెలుసు కదా" అని ఫోన్ నా చేతికిచ్చింది. రెండో చేతిలో మనవడు, భుజం మీద పాలు కక్కిన గుడ్డ.

మెయిలు సారాంశం ఇది. మీరు దీర్ఘకాలిక సెలవులో ఉన్నందున ఈ సైకిల్‌లో మీ రేటింగు 'వర్తించదు'. జీతం పెంపు వచ్చే సైకిల్‌లో పరిశీలించబడును. మాతృత్వపు మధుర క్షణాలను ఆస్వాదించండి. కింద రెండు బెలూన్ల బొమ్మ.

పెళ్ళింట్లో తెల్లవారుజామునుంచీ పొయ్యి దగ్గర కూర్చుని వంటంతా చేసిన మనిషి, వడ్డన మొదలయ్యే వేళకి పురిటి గదిలో ఉందనుకోండి. పంక్తిలో లేదు కాబట్టి విస్తరి వెయ్యలేదన్నమాట. విస్తరి సరే, మీద బెలూన్లు కూడానా?

నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇంక్రిమెంటనేది నా పూర్వాశ్రమం. కళ్ళజోడు సర్దుకుని, "ప్రైవేటు వాళ్ళంతే అమ్మా, అదే మా గవర్నమెంటులో అయితే..." అని మొదలుపెట్టి, సగంలో నాలిక కరుచుకున్నాను.

ఎందుకంటే మా గవర్నమెంటులో ఏం చేసేవాళ్ళమో గుర్తొచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో ప్రసూతి సెలవు 120 రోజుల నుంచి 180 రోజులైంది. దానికి పూర్తి జీతం. ఏ జీతం? సెలవు మీద వెళ్ళే ముందు రోజు ఎంత తీసుకుంటోందో ఆ జీతం. మధ్యలో ఇంక్రిమెంటు తేదీ వచ్చిందనుకోండి, తేదీ పోదు, సర్వీస్ రిజిస్టర్‌లో భద్రంగా ఉంటుంది. డబ్బు మాత్రం ఆవిడ వచ్చి జాయినింగ్ రిపోర్ట్ ఇచ్చిన రోజు నుంచే. ఇంక్రిమెంటు పుట్టింది గానీ బారసాల అయ్యేదాకా లెక్కలోకి రాదన్నమాట. ఓసారి ఒక టీచరమ్మకు మా సెక్షన్ వాళ్ళు పొరపాటున ఇంక్రిమెంటు తేదీ నుంచే కట్టేశారు. ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారు. రికవరీ రాసిన పెన్ను నాదే. ఆవిడ చంకలో బిడ్డతో వచ్చి, "సార్, వాయిదాల్లో కోసుకోండి" అంది. వాయిదాలిచ్చినందుకు ఆ సాయంత్రం నేను చాలా దయగల మనిషినని ఇంటికెళ్ళి చెప్పుకున్నాను కూడా.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. అదే సెలవులో డీఏ పెరిగితే మాత్రం బాలింతకూ పెరుగుతుంది. అంటే బియ్యం ధర ఆవిడ ఇంట్లోనూ పెరుగుతుందని సర్కారు ఒప్పుకుంది. ఆవిడ సర్వీసుకు మరో ఏడు నిండిందనే దగ్గరే పేచీ. జాయినింగ్ రిపోర్ట్ చూస్తే గానీ నమ్మదు.

సరే, కోడలి కేసుకొద్దాం. మా వీధి చివర లేబర్ కోర్టు లాయరు ఒకాయన ఉన్నాడు, సాయంత్రం నడకలో పట్టుకున్నాను. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 2017లో సవరణ అయి, మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాల సెలవు 26 వారాలైందని మనందరికీ తెలుసు. ఆ 26 వారాలకూ ఎంత కట్టాలంటే, సెలవుకు ముందు 3 నెలల్లో పనిచేసిన రోజుల సగటు జీతం. ఇప్పుడొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే సగటు. అంటే సెలవు పెట్టే రోజున జీతాన్ని ఫోటో తీసి గోడకు తగిలిస్తారు. దండ వెయ్యడం ఒక్కటే తక్కువ.

"మరి మధ్యలో అందరికీ పెరిగితే ఈ పిల్లకు పెంచాలని ఎక్కడా లేదా?" అన్నాను.

"సెలవులో ఉండగా పనిలోంచి తీసెయ్యకూడదని ఉంది సార్. ఆమెకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదని కూడా ఉంది. పెంచి తీరాలని మాత్రం అచ్చంగా ఎక్కడా రాయలేదు. వాదించుకోవాల్సిందే" అన్నాడు.

కోడలు హెచ్.ఆర్. అమ్మాయికి ఫోన్ చేసి ఈ నష్టం ముక్క వాదించింది. స్పీకర్లో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. అవతలి గొంతు తేనె. "మేమేం తగ్గించలేదు కదా మేడమ్. పెంచలేదంతే."

ఈ 'అంతే' ఖరీదు ఎంతో లెక్కేద్దామని కాగితం తీశాను. పాత అలవాటు. జీతం 80,000 అనుకుందాం, అందరికీ 8 శాతం వేశారనుకుందాం. నెలకు 6,400 పోయింది, ఏడాదికి 76,800. ఇక్కడితో ఆగదు. వచ్చే ఏడు అదే 8 శాతం పక్క సీటు అబ్బాయికి 86,400 మీద పడితే, ఈ పిల్లకు 80,000 మీద పడుతుంది. తేడా 6,912 అవుతుంది. ఆ పై ఏడు ఇంకాస్త. మనవడికి పళ్ళొచ్చి, ఊడి, మళ్ళీ వచ్చినా ఈ తేడా మాత్రం ఊడదు. వాడు ఇంజనీరింగ్‌లో చేరే నాటికి వాడి ఫీజుకు కొంచెం తగ్గేది ఇదే డబ్బు. అప్పుడు వాడితో ఏమని చెప్పాలి, నువ్వు ఫిబ్రవరిలో పుట్టావురా అనా?

ఇంటి ఓనరు సంగతి వేరే. ఆయనా ఏప్రిల్లోనే అద్దె పెంచాడు. ఆయన సైకిల్‌లో బాలింతలకు 'వర్తించదు' అనే గడి లేదు.

మన దేశంలో ఈ లెక్కల కక్కుర్తి కొత్తది కాదు. 1967లో కోయంబత్తూరు వైపు ఒక తోటలో పనిచేసే ఆవిడ ప్రసవించింది. అప్పుడు సెలవు 12 వారాలు. యజమానులు 72 రోజులకే కట్టారు. ఆదివారాలు తోటలో కూలి లేదు కాబట్టి పురిట్లోనూ ఆదివారాలకు డబ్బు లేదని వాళ్ళ వాదన. ఆదివారం పూట బాలింత పథ్యం మానేస్తుందనుకున్నారో, బిడ్డ పాలు తాగదనుకున్నారో తెలీదు. వారమంటే ఏడు రోజులు, 12 వారాలంటే 84 రోజులు అని సుప్రీంకోర్టు చెప్పింది, 1977లో. వారానికి ఏడు రోజులని తేలడానికి పదేళ్ళు పట్టింది. ఏడాదిలో ఏప్రిల్ కూడా ఉందని తేలడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో మీరే త్రైరాశికం వేసుకోండి.

బ్రిటన్ వాళ్ళు మనకంటే తొందరగా తేల్చారు, ఎనిమిదేళ్ళలో. అక్కడ అలబాస్టర్ అనే ఆవిడ 1996 జనవరిలో ప్రసూతి సెలవు పెట్టింది. అంతకు ముందు నెలలోనే జీతం పెరిగింది. ప్రసూతి వేతనం కట్టడానికి మాత్రం అంతకంటే ముందటి రెండు నెలల పాత జీతం చూశారు. తేడా 204 పౌండ్ల 53 పెన్నీలు. ఆవిడ వదల్లేదు. కేసు యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. లెక్క మొదలైన నాటి నుంచి సెలవు ముగిసే నాటి దాకా ఎప్పుడు జీతం పెరిగినా ఆ పెంపు కలిపే కట్టాలని 2004లో చెప్పారు, మరుసటి ఏడు బ్రిటన్ తన నిబంధన మార్చుకుంది. అక్కడి ప్రసూతి వేతనం మొదటి 6 వారాలే 90 శాతం, ఆ తర్వాత పలచటి మజ్జిగ, అది వేరే సంగతి. ఆ 204 పౌండ్ల కోసం రెండు పక్కలా లాయర్లు తాగిన కాఫీ ఖర్చే ఇంకా ఎక్కువై ఉంటుంది. అయినా యాజమాన్యం ఇవ్వనంది చూడండి, దాన్ని పట్టుదలంటారు. మా ఆడిట్ వాళ్ళు చూస్తే ఆనందభాష్పాలు రాల్చేవారు.

ఇదంతా నేను భోజనాల దగ్గర ఉపన్యసిస్తుంటే మా అబ్బాయి తల వంచుకుని పప్పు కలుపుకుంటున్నాడు. వాడిదీ అలాంటి కంపెనీయే, పక్క వీధిలో. కొడుకు పుట్టినప్పుడు వాడూ సెలవు పెట్టాడు, అయిదు రోజులు. వాడికీ ఏప్రిల్లోనే ఉత్తరం వచ్చింది. పన్నెండు శాతం. వాళ్ళ మేనేజరు చెయ్యి కలిపి, "తండ్రివయ్యావు, బాధ్యతలు పెరిగాయి కదా" అన్నాడట. వాడే చెప్పాడు, నసుగుతూ, స్వీటు బాక్సు తెచ్చిన రోజున. కాజాలు బాగున్నాయి. కోడలు ఒకటి తీసుకుని సగం కొరికి పక్కన పెట్టింది. బాలింతకు తీపి ఎక్కువ పనికిరాదులే అని మా ఆవిడ సర్దిచెప్పింది.

ఆ మా ఆవిడే ఇప్పుడు చెయ్యి కడుక్కుంటూ, "ఈ లెక్కలన్నీ సరే, రెండో కాన్పు ఎప్పుడు పెట్టుకుంటే దానికి నష్టం ఉండదో చెప్పండి, తెలిసిన మనిషి కదా" అంది. కోడలు "అత్తయ్యా!" అని అరిచింది గానీ నేను అప్పటికే కాగితం తిరగేశాను.

ఏప్రిల్ ఒకటిన జీతం పెరగాలి. పెరిగిన జీతం మీద 3 నెలల సగటు రావాలంటే జూన్ ఆఖరు దాకా ఆఫీసుకెళ్ళాలి. జూలై ఒకటిన సెలవు, ఆ నెల్లోనే కాన్పు. 26 వారాలు డిసెంబరు చివరికి అయిపోతాయి. మళ్ళీ ఏప్రిల్ ఒకటి నాటికి పిల్ల కుర్చీలో కనబడుతుంది. సగం ఏడాదే పనిచేసిందని సగం పెంపే ఇస్తారేమో, 'వర్తించదు' మాత్రం అనలేరు. జూలైలో కాన్పంటే నెల తప్పాల్సింది దసరాకి. బొమ్మల కొలువు ఎత్తేశాక చూసుకోవాలి.

ఇందులో హాస్యమేమీ లేదు. ముహూర్తం పెట్టించి పిల్లల్ని కనడం మనకు కొత్తా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. నక్షత్రం, లగ్నం చూసి డాక్టరుకు గంటా నిమిషం చీటీ మీద రాసిచ్చే ఇళ్ళు మా అపార్ట్‌మెంట్లోనే మూడున్నాయి. ఆ చీటీలో అప్రైజల్ గ్రహం ఒక్కటే తక్కువైంది.

దేనికైనా మంచిదని మా ఆవిడ సిద్ధాంతిగారికి ఫోన్ కలిపింది. ఆయన మనవరాలు గచ్చిబౌలిలో పనిచేస్తోందని మాకు తెలీదు. సంగతంతా విని పంచాంగం తియ్యనే లేదు.

"మీ కోడలి కంపెనీది ఏప్రిల్ సైకిలా, జనవరి సైకిలా?" అన్నాడు. "ఏప్రిలైతే మీ ఆయన లెక్క సరే, దసరా. ఉద్యోగం మారి జనవరి సైకిల్‌లో పడిందనుకోండి, ఇక మొహమాటపడకండి. ఆషాఢమే దివ్యమైన ముహూర్తం."