గోలీల అన్న

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఏ బస్టాండులో దిగినా ఎదురుగా ఉండే మెడికల్ షాపులో ఈయన కనిపిస్తాడు. చెవి మీద పెన్ను, చేతిలో కత్తెర. అసలు పేరు ఓటరు కార్డులో ఉంటుంది గానీ, ఊరికి మాత్రం గోలీల అన్న.

"అన్నా, మొన్నిచ్చిన గోలి ఇయ్యి."

"ఏ గోలి అవ్వా?"

"తెల్లగుంటది, గుండ్రంగుంటది."

షాపులో ఉన్నవాటిలో సగం తెల్లగా, గుండ్రంగానే ఉంటాయి. అన్న ఒకసారి అవ్వ కాళ్ళ వాపు చూస్తాడు, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి డబ్బా తీస్తాడు. బీపీ గోలి. "గిదే!" అంటుంది అవ్వ.

నాలుగు గోలీలు అడిగితే, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలేట్టు కోస్తాడు. చదువు రానివాళ్ళకు కవరు మీద పొద్దుకో గీత, మాపుకో గీత. కర్నూలు డాక్టరు రాసిన చిట్టీలో అక్షరాలు ఆయనకూ అర్థం కావు; ఆ డాక్టరు అలవాట్లు తెలుసు, అంతే. సీడు పత్తి క్రాసింగు రోజుల్లో నడుము నొప్పి గోలీలు ఎన్ని తెప్పించాలో ఓనరుకు తెలియదు, ఈయనకు తెలుసు.

ఇన్ని తెలిసిన మనిషి చట్టం లెక్కలో లేడు. చిట్టీ మీద మందిచ్చేది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే అయ్యుండాలంటుంది 1948 నాటి ఫార్మసీ చట్టం, 42వ సెక్షను. మరి షాపులో ఫార్మసిస్టు లేడా? ఉన్నాడు. గోడ మీద, వెంకటేశ్వరస్వామి పక్కన, ఫ్రేములో. మనిషి హైదరాబాదులో ఏదో కంపెనీలో ఉంటాడట. సర్టిఫికెట్టు కిరాయి మాత్రం నెలనెలా అందుతుంది, అన్న జీతం కంటే ముందే. డ్రగ్ ఇన్‌స్పెక్టరు బయల్దేరాడన్న కబురొస్తే షట్టరు దిగిపోతుంది, ఓనరు చుట్టాల్లో ఎవరో పోయారని. ఆ వంశంలో ఇప్పటికి చాలామందే పోయారు.

2014 నుంచి కొన్ని యాంటీబయాటిక్‌లకు, టీబీ మందులకు హెచ్‌1 రిజిస్టరు రాయాలి, మూడేళ్ళు దాచాలి. అన్న రాస్తాడు. రాత్రి షట్టరు సగం దించాక, రోజంతటి అమ్మకాలూ ఒక్క ఊపులో, పేషెంట్లందరికీ ఒకే డాక్టరును కేటాయించి.

ఆయన బాధంతా 31వ సెక్షను. చట్టం వచ్చిన కొత్తలో, ఐదేళ్ళు మందులు కలిపిచ్చిన అనుభవం ఉన్నా తొలి రిజిస్టరులో పేరెక్కించుకున్నారు. "మా తాత చెయ్యాల్సిన కొలువు నేను చేస్తున్న" అంటాడు. ఇప్పుడైతే ఇంటర్‌లో బైపీసీయో ఎంపీసీయో గట్టెక్కాలి, డీఫార్మసీ రెండేళ్ళు చదవాలి, 500 గంటల ట్రైనింగు చెయ్యాలి, 2022లో తెచ్చిన ఎగ్జిట్ పరీక్ష నిబంధన ఒకటుంది, ఆ తర్వాతే ఫార్మసీ కౌన్సిల్ గడప. ప్రతి ఏడూ ఈసారి అప్లికేషను పెడతానంటాడు. "షాపెవరు చూస్తరు?" అంటాడు ఓనరు. అన్నకూ అదే అనుమానం.

అందుకని బిడ్డను చదివించాడు. డీఫార్మసీ పిల్ల సెలవుల్లో కౌంటరు దగ్గర నిలబడిన మొదటి రోజే, "చిట్టీ లేకుంటే ఈ గోలి ఇయ్యను పెద్దమ్మా" అంది. పెద్దమ్మ పక్క షాపుకు పోయింది.

"గిట్లయితే షాపు నడుస్తదా బిడ్డా?"

"నడవకుంటే నడవకపోనీ నాయినా."

ఓఆర్‌ఎస్ ఎన్ని నీళ్ళలో కలపాలో అన్నను అడగండి, ఓపిగ్గా చెబుతాడు. యాంటీబయాటిక్ దగ్గర మాత్రం ఆ పిల్ల మాట వినండి.