ముందు పోర్షే, వెనక ఇన్నోవా

పోర్షే 911 కొన్న పెద్దమనిషికి రెండు కోరికలుంటాయి. కారు కొన్న సంగతి ఊరందరికీ తెలియాలన్నది మొదటిది. అది మొదటి వారంలోనే, సైలెన్సర్ మోతకు కాలనీలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేవడంతో తీరిపోతుంది. రెండోది ఆ కారులో దూరప్రయాణం. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు, 44వ నంబరు జాతీయ రహదారి మీద, సుమారు 570 కిలోమీటర్లు. "ఫ్లైట్‌లో ఏముంది బాస్? ఎక్కామా, దిగామా! మజా అంతా డ్రైవింగ్‌లోనే ఉంది" అంటాడు. అంటున్నప్పుడు నడుముకు బెల్టు ఉంటుంది. అది సీటు బెల్టు కాదు, డాక్టరు రాసిచ్చింది.

ఈ జాతిని గుర్తుపట్టడం తేలిక. ఆదివారం తెల్లవారకముందే ఔటర్ రింగు రోడ్డెక్కి, వంద కిలోమీటర్లు పోయి, రెండిడ్లీ తిని, వాటిని నాలుగు కోణాల్లో కారుతో కలిపి ఫొటో తీసి వెనక్కి వస్తాడు. ఇంటి కిందనున్న టిఫిన్ సెంటర్లో ఇడ్లీ బాగుంటుందని ఆయనకూ తెలుసు. కానీ అక్కడికి నడిచి వెళ్లాలి.

దూరప్రయాణంలో మొదటి గండం సామాను. 911కు ఇంజను వెనక ఉంటుంది కనక డిక్కీ ముందుకు వచ్చింది. అందులో పట్టేది 132 లీటర్లు. విమానంలో చేత్తో పట్టుకెళ్లే బ్యాగులు రెండు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి మూత వేయాలి. వెనక రెండు సీట్లున్నాయి గానీ వాటిలో కూర్చోవాలంటే మోకాళ్లు విడిగా పంపించుకోవాలి. "మరి నా చీరలో? అత్తయ్యగారో?" అని భార్య అడుగుతుంది. ఈయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: వెనక ఇన్నోవా వస్తుంది. అందులో సూట్‌కేసులు, అత్తగారు, పులిహోర డబ్బా, నీళ్ల క్యాను. రెండు కోట్ల పైచిలుకు పెట్టి కొన్న కారుకు కావలసిన గాలి పంపు కూడా అందులోనే.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు లెండి. 2008లో ఫెరారీ కంపెనీవాళ్లే రెండు 612 స్కాలియెట్టి కార్లను ముంబయి నుంచి బయల్దేరదీసి, దేశం చుట్టూ 11 వేల కిలోమీటర్లకు పైగా తిప్పారు. వాళ్ల వెంటా సహాయక బృందం ఉంది. అత్తగారు ఉన్నట్టు మాత్రం ఎక్కడా రాయలేదు.

షాద్‌నగర్ దాటి బాలానగర్ చేరేసరికి రోడ్డు పక్కన సీతాఫలాల బుట్టలు కనబడతాయి. బాలానగర్ సీతాఫలానికి దేశమంతటా పేరుంది. ఈయనకు నోరూరుతుంది. "తీస్కో సారూ, మస్తు తియ్యగుంటయి" అని అవ్వ బుట్ట ఎత్తుతుంది. ఎక్కడ పెట్టాలి? "వెనక తెల్ల ఇన్నోవా వస్తుందమ్మా, దానికియ్యి" అంటాడు. ఈలోగా బైకు మీద ముగ్గురు కుర్రాళ్లు వచ్చి ఆగుతారు.

"అన్నా, గంటకు ఎంత వోతది?"

"రెండొందల తొంభై."

"మరి గింత మెల్లగ వస్తున్నవేందే?"

న్యాయమైన ప్రశ్న. నాలుగు వరుసల రహదారి మీద కార్లకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లని 2018లోనే కేంద్రం ప్రకటించింది. 911 ఆ వేగాన్ని నాలుగు సెకన్లలో అందుకుంటుంది. అంటే, చట్టప్రకారం నడిపితే ఈయన పెట్టిన డబ్బుకు సరదా నాలుగు సెకన్లు. తక్కిన ఏడెనిమిది గంటలూ ముందు పోతున్న ఆల్టో ఎంత వేగమో ఈయనా అంతే.

అసలు శత్రువు వేగపరిమితి కూడా కాదు. 44వ నంబరు రహదారి చాలా మేరకు నున్నగానే ఉంటుంది. చిక్కంతా దాన్ని దిగినప్పుడే, సర్వీసు రోడ్డు మీదో, పెట్రోలు బంకు ముందో, ధాబా ముంగిట్లోనో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ అంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, మెల్లగా లేచి మెల్లగా దిగే వంపు. ఊళ్లో మేస్త్రీ ఆ పుస్తకం చదవలేదు. ఆయన పోసింది జానెడు ఎత్తు, అంతే వెడల్పు. 911 పొట్టకూ నేలకూ మధ్య ఉన్నది సుమారు 11, 12 సెంటీమీటర్లు. దీనికీ ఒక మీట ఉంది. నొక్కితే కారు మూతి మరో నాలుగు సెంటీమీటర్లు లేస్తుంది. కొత్త కార్లలోనైతే ఏ చోట లేపాలో ఉపగ్రహం సాయంతో గుర్తు కూడా పెట్టుకుంటుంది. అయినా ఈయనకు ధైర్యం చాలదు. కొత్త పెళ్లికూతురు గడప దాటినట్టు కారును ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం ఒక్కోసారి దాటిస్తాడు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంటుంది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కింద నుంచి 'కర్ర్' మని ఒక చప్పుడు వస్తుంది. ఆయన ముఖంలో రక్తం ఉండదు. "ఏం కాలేదు, ప్లాస్టిక్కే" అని భార్యకు చెబుతాడు. ఆవిడ అడగనేలేదు.

ఆ చప్పుడుతో వరుస మారిపోతుంది. కర్నూలు దాటాక ఇన్నోవా ముందు, పోర్షే వెనక. డ్రైవరు ఫోన్లో చెబుతుంటాడు, పోర్షే స్పీకర్లలో వినబడుతుంటుంది: "సార్, ఎడమ పక్క గుంత. సార్, ముందు గేదెలు. సార్, అమ్మగారు టీ అంటున్నారు." 1955లో ఇటలీలో మిల్లె మిలియా పందెం జరిగినప్పుడు స్టిర్లింగ్ మాస్ పక్కన డెనిస్ జెంకిన్సన్ కూర్చుని, పొడవాటి కాగితపు చుట్టలో రాసుకున్న మలుపుల్ని చేతి సైగలతో చెప్పాడు. ఇద్దరూ 1,600 కిలోమీటర్లను 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించారు. జెంకిన్సన్ పేరు చరిత్రలో నిలిచింది. మన డ్రైవరుకు జీతంతోబాటు దారి బత్తా ఇస్తారు.

డోన్ దగ్గర పెట్రోలు బంకు. కుర్రాడు కారు చుట్టూ తిరిగి, మూత ఎక్కడుందో వెతికి, ఎదురుచూస్తున్న ప్రశ్న వేస్తాడు. "లీటరుకు ఎంతిస్తాది సార్?" ఈయన నేరుగా చెప్పడు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ఈ కారు పేరు 901 అనీ, నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అభ్యంతరపెడితే 911 అయిందనీ చెబుతాడు. కుర్రాడు ఓపిగ్గా వింటాడు. "అదంతా సరేగానీ సార్, మైలేజీ?"

"ఎనిమిది" అంటాడు ఈయన, అద్దం ఎత్తుతూ.

అనంతపురం దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఇన్నోవా జనం బల్ల ముందు కూర్చుని తింటారు. ఈయన నిలబడి, ఒక కన్ను ప్లేటు మీద, ఒక కన్ను కారు మీద పెట్టి తింటాడు. ఎవరో తమ పిల్లాణ్ని బానెట్ మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తున్నారు. వద్దనలేడు, చూడనూలేడు. టోల్‌గేట్ల దగ్గర ఇంకో అవమానం. కారు ఎంత కిందికుంటుందంటే బూత్‌లోని మనిషి లేచి, తొంగిచూసి, "లోపల ఎవరైనా ఉన్నారా సార్?" అంటాడు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ముందు సెల్టోస్ ఒకటి గుంతల్ని లెక్కచేయకుండా పక్కనుంచి దూసుకుపోతుంది.

బాగేపల్లి రాగానే ఈయన హఠాత్తుగా నిశ్శబ్దమవుతాడు. కారుకున్నది పుదుచ్చేరి నంబరు. పుదుచ్చేరి ఆయన చూసింది లేదు. పన్ను మాత్రం అక్కడ తక్కువ. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా అధికారులు పన్ను ఎగ్గొట్టి తిరుగుతున్న ఇతర రాష్ట్రాల ఖరీదైన కార్లు 30 పట్టుకున్నారు, వాటిలో పోర్షేలూ ఉన్నాయి. ఆ వార్త ఈయన ఫోన్లో భద్రంగా ఉంది. అక్కడినుంచి సైలెన్సర్ మోత మీట తీసేసి, ఇన్నోవా నీడలో బుద్ధిగా పోతాడు. రాత్రి విందులో స్నేహితులకు "ఫ్లై చేశాం బాస్!" అని చెప్పేదీ ఈయనే. తిరుగు ప్రయాణంలో పోర్షేను లారీ మీద పంపించి, తాను విమానం ఎక్కుతాడు.

ఈ దారిన పోయే పాఠకులకు ఒక మనవి. ఇలాంటి కారు ఎదురైతే మైలేజీ అడగకండి. ముందు స్పీడ్ బ్రేకర్ ఎక్కడుందో చెప్పండి, చాలు.